బదరపాకం, రేగుకంప: తెలుగు విమర్శ పక్కన పెట్టిన అడవిపండ్లు

ఉపోద్ఘాతం

ఆంగ్ల కథలను, పాఠ్యాంశాలను తెలుగు చేసేవారికి బ్లాక్‌బెర్రీ అనే చిన్న పండు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. చాలామంది దానిని నేరేడు అని అనువదించి ముందుకు సాగుతారు. నేరేడును ఆంగ్లంలో ‘ఇండియన్ బ్లాక్‌బెర్రీ’ అని వ్యవహరించడం ఇందుకు ఊతమిస్తున్నది. అయితే ఈ రెండింటికీ పోలిక రంగులో మాత్రమే ఉన్నది. నేరేడు మహావృక్షం. జంబూద్వీపమని సంకల్పంలో నిత్యం చెప్పుకొనే పేరుకు మూలమైన చెట్టు అది. బ్లాక్‌బెర్రీ కంచెల మీద, బాటల పక్కన అల్లుకొనే ముళ్ళపొద. దానిని ఎవరూ నాటరు, నీరు పోయరు, కాపలా కాయరు. చేతులు గీరుకుపోయినా లెక్కచేయని పిల్లలు, కూలి కుటుంబాల స్త్రీలు దానిని కోసుకుంటారు. సామాజిక స్థానాన్ని బట్టి చూస్తే దానికి మన దగ్గర సరిజోడు నేరేడు కాదు, పరికి. కొక్కెపు ముళ్ళతో అల్లుకొని, పండినపుడు నల్లగా నిగనిగలాడే పరికి పండు రంగులో కూడా దానికి దూరమైనది కాదు. పరికికి పెద్దక్క వంటిది రేగు.

అనువాదకుడికి పరికి ఎందుకు స్ఫురించదు? అది అనువాదకుని లోపం మాత్రమే కాదు. ఊరికే దొరికే పండుకు మన నిఘంటువులు, లక్షణగ్రంథాలు, విమర్శ ఇచ్చిన స్థానాన్ని అది తెలుపుతున్నది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పలుకుబడిని ఆధారం చేసుకొని ఆ స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అన్నపుడు 2016 పునర్విభజనకు పూర్వపు ఉమ్మడి జిల్లాలను గ్రహించాలి.

కంచెమీది పండు: ఒక పోలిక

విక్టోరియా రాణి పాలనాకాలపు (1837–1901) ఇంగ్లండులో బ్లాక్‌బెర్రీ నిత్యజీవితంలో కలిసిపోయిన పండు. లెక్కకు మిక్కిలిగా, విలువ లేకుండా దొరికేదానికి దానిని ఉపమానంగా వాడడం షేక్స్పియర్ ఫాల్‌స్టాఫ్ నోట పలికించిన నాటినుంచీ ఆ భాషలో ఉన్నది. ఆ పండ్లు ఏరబోవడానికి ఆంగ్లంలో ప్రత్యేకంగా ఒక క్రియాపదమే ఏర్పడింది. శరదృతువులో పిల్లలు పండ్లకు పోవడం వలన బడికి రాలేదని గ్రామీణ పాఠశాలల దినచర్య పుస్తకాలలో ఉపాధ్యాయులు రాసుకున్నారు. మైకేల్మస్ పండుగ దాటితే సైతాను ఆ పండ్లను పాడుచేస్తాడనే నమ్మకం కోతకు గడువు విధించింది. 1874లో చక్కెరపై సుంకం రద్దయి, చక్కెర చౌకయ్యాక జామ్ తయారీ పెరిగింది. దానితో ఊరికే దొరికే పండు అంగడికి దారి పట్టింది.

ఇందులో మన విషయానికి పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. ఉమ్మడి మేతభూములను చట్టం ద్వారా విభజించి పెద్ద రైతులకు అప్పగించిన ఆవరణల కాలంలో అక్కడ వేల మైళ్ళ ముళ్ళకంచెలు లేచాయి. పేదల పశువులను ఆపడానికి నాటిన ఆ కంచెల మీదనే పేదలకు పండు కాసింది. ఆవరణల వలన కలిగిన నష్టాన్ని కవిత్వంలో నమోదు చేసిన జాన్ క్లేర్ (1793–1864) వ్యవసాయ కూలి కుటుంబంలో పుట్టినవాడు. కంచె ఒకరికి ఆస్తికి గుర్తు, మరొకరికి ఆకలి తీర్చే చోటు. ఈ రెండు చూపులలో సాహిత్యం ఏ చూపును స్వీకరించిందన్నది అక్కడి విమర్శకులకు ప్రధానమైన ప్రశ్న అయింది. మన విమర్శలో ఆ ప్రశ్న పొలం గురించి, అడవి గురించి వచ్చింది గాని కంచెమీది పండు గురించి రాలేదు.

పాకాల పట్టికలో రేగు

భారతీయ లక్షణశాస్త్రం పండును విలువ కట్టే పనిముట్టుగా వాడింది. సులభంగా ఆస్వాదించదగిన శైలి ద్రాక్షాపాకం, తొక్క తీసే శ్రమ కోరేది కదళీపాకం, పెంకు పగులగొడితే గాని అందనిది నారికేళపాకం అని మనం నేటికీ తరగతి గదుల్లో చెప్పుకుంటున్నాము. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ద్రాక్షా, నారికేళ పాకాలను నిర్వచించింది. రసం లోపలా వెలుపలా స్ఫురించేది మొదటిది, లోపల దాగి ఉండేది రెండవది. తెలుగు అలంకారికులపై ఆ గ్రంథ ప్రభావం ఎంతటిదో విజ్ఞులకు తెలిసినదే.

మనకు మిగిలిన మూడు పాకాలలో మూడూ తోటపండ్లే. ద్రాక్ష, అరటి, కొబ్బరి నాటి పెంచేవి, నీరు కోరేవి, యజమాని ఉన్నవి. శాస్త్రం మొదటినుంచీ ఇంత ఇరుకైనది కాదు. క్రీ.శ. పదవ శతాబ్ది ప్రాంతంలో రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకాలను చెప్పాడు. వేప, రేగు, ద్రాక్ష ఒక త్రికం. వంగ, చింత, మామిడి రెండవ త్రికం. పోక, దోస, కొబ్బరి మూడవది. మొదటా చివరా రుచి లేనిది వేపపాకం. మొదట రుచి లేక చివర మధ్యమంగా ఉండేది బదరపాకం, అంటే రేగుపాకం. మొదట రుచి లేకున్నా చివర రుచించేది ద్రాక్షాపాకం. ప్రతి త్రికంలో మొదటిది త్యాజ్యం, నడిమిది సంస్కార్యం, చివరిది గ్రాహ్యం అని ఆయన తీర్పు. నిలకడ లేని పాకానికి వెలగపండు పేరు పెట్టి, దానిని కూడా ఈ తొమ్మిదింటికి వెలుపల ప్రస్తావించాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, రేగును రాజశేఖరుడు తోసిపుచ్చలేదు. సంస్కరించదగినదిగా నడుమ ఉంచాడు. తరువాతి సంప్రదాయం గ్రాహ్యమైనవాటిని ఉంచుకొని సంస్కార్యమైనవాటిని విడిచిపెట్టింది. నేడు మన విమర్శ పరిభాషలో బదరపాకమన్న మాట దాదాపు వినబడదు. రెండవది మరింత ముఖ్యం. రేగు మొదటి రుచి ‘అస్వాదు’ అని నిర్ణయించిన నాలుక ఎవరిది? రేగుచెట్టు కింద చేరిన పిల్లలు పూర్తిగా మాగిన పండుకోసం కాచుకొని ఉండరు. దోరకాయ పులుపును, వగరును కోరి, ఉప్పుకారం అద్దుకొని తింటారు. లక్షణకారుడు లోపమన్న మొదటి రుచే ఇక్కడ ఆకర్షణ. రుచి నిర్ణయం తినేవాని స్థితిని బట్టి ఉంటుందన్న సాధారణ సత్యం పాకచర్చలో లోపించింది.

సంస్కారమన్న మాటకు కూడా ఊళ్ళో ఒక రూపం ఉన్నది. పండిన రేగుపండ్లను రోట్లో దంచి, బెల్లం, ఉప్పు, కారం కలిపి, ఎండబెట్టి వడియాలు చేస్తారు. పుష్యమాసపు పండు వైశాఖం దాకా నిలుస్తుంది. శాస్త్రం సిద్ధాంతంగా చెప్పి వదిలేసిన సంస్కారాన్ని స్త్రీలు రోకలితో చేసి చూపుతున్నారు. మౌఖిక సాహిత్యాన్ని ‘ముడిసరుకు’ అనీ, శిష్టకవి చేతిలో పడితేనే అది సాహిత్యమవుతుందనీ భావించే ధోరణికి ఈ చిన్న ఉదాహరణ సమాధానం. సంస్కర్త బయటినుంచి రానక్కరలేదు.

బాదరాయణ సంబంధం, శబరి ఎంగిలి

శాస్త్రం విడిచినా రేగు భాషను విడవలేదు. ఏమాత్రం పొసగని చుట్టరికాన్ని ‘బాదరాయణ సంబంధం’ అంటాము. దీని వెనుక ఒక చమత్కార కథ ఉన్నది. ఒకడు పరాయి ఇంటికి వచ్చి చుట్టమని చెప్పుకొని భోంచేశాడట. ఏ వరుసని అడిగితే, మా బండిచక్రం రేగుకర్రది, మీ ఇంట రేగుచెట్టున్నది, ఇదే మన సంబంధమన్నాడట. నవ్వు పుట్టించే ఈ కథలో ఒక నిజం ఇమిడి ఉన్నది. రేగు గట్టి కర్ర, బండికి పనికివచ్చేది. ఇంటి ముందు చెట్టు, బండికింద చక్రం అన్నవి పనిచేసే మనుషుల ఇండ్ల ఆనవాళ్ళు. పండితులు పరిహాసానికి వాడుకున్న సంబంధం శ్రామిక జీవితంలో అర్థం లేనిది కాదు. ఒకే చెట్టు మీద ఆధారపడినవారి మధ్య సంబంధం ఉండడంలో వింత లేదు.

శబరి కథ మరొక మార్గాన్ని సూచిస్తుంది. వాల్మీకి రామాయణంలో శబరి పంపాతీరంలోని వన్యపదార్థాలను రామునికోసం సేకరించి ఉంచింది. ఆ పండు రేగు అనిగాని, ఆమె కొరికి రుచి చూసి పెట్టిందనిగాని అక్కడ లేదు. కొరికిన పండ్ల కథ తరువాతి భక్తిసంప్రదాయంలో పెరిగినది. ప్రజల నోట అది రేగుపండుగా స్థిరపడింది. దీనిని మూలానికి దూరమైన కల్పన అని కొట్టివేయకుండా, ప్రజలు ఏమి చేర్చారో చూడాలి. వారు చేర్చినవి రెండు: ఊరికే దొరికే పండు, ఎంగిలి. రేగులో పుల్లనిది ఏదో, తియ్యనిది ఏదో కొరికితే గాని తెలియదు. పురుగు ఉన్నదీ లేనిదీ కూడా అంతే. రేగు ఏరిన అనుభవం ఉన్నవారికి మాత్రమే ఈ వివరం తడుతుంది. కథను మార్చినవారికి ఆ పండు బాగా తెలుసు.

ఎంగిలి అన్న మాట ఈ ప్రాంతంలో కేవలం నిషేధార్థకం కాదు. బతుకమ్మ తొలినాడు ‘ఎంగిలిపూల బతుకమ్మ’. ముందురోజే కోసి తెచ్చిన పూలతో పేర్చడం వలన ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. గుడ్డ అడ్డం పెట్టి కొరికి పంచుకొనే ‘కాకి ఎంగిలి’ పిల్లల లోకంలో అంటు లేని ఎంగిలి. కులాన్ని బట్టి గిన్నెలు, గ్లాసులు వేరుచేసిన సమాజంలో పండు పంచుకోవడానికి పిల్లలు కనిపెట్టిన ఉపాయం అది. శబరి కథ కూడా పెద్దల లోకంలో అటువంటి ఉపాయమే. అయితే ఆ ఎంగిలి దేవుని దగ్గర చెల్లినంత సులభంగా ఊరి బావి దగ్గర చెల్లలేదన్నది మరువరాదు.

కంప, కంచ, ఏరడం: ఉత్తర తెలంగాణ పలుకుబడి

రేగు అన్న మాట తెలుగుకు అరువు వచ్చినది కాదు. తమిళంలోని ‘ఇలందై’, కన్నడంలోని ‘ఎలచి’, ఆదిలాబాద్ గోండుల, కోలాముల నోట వినబడే ‘రేంగ’ వంటి రూపాలు దీనికి జ్ఞాతులు. పదాది అచ్చు జరిగిపోయి రేఫం ముందుకు రావడం తెలుగులోను, దాని పొరుగు ద్రావిడభాషల్లోను ప్రసిద్ధమైన వర్ణవ్యత్యయం. ‘బదరి’ సంస్కృతం ద్వారా శాస్త్రంలోకి వచ్చింది, ‘రేగు’ నోటినుంచి నోటికి నడిచింది. ఒకే చెట్టుకు ఉన్న ఈ రెండు పేర్ల దూరమే ఈ వ్యాసం చర్చిస్తున్న దూరం.

దీనికి భిన్నంగా, అమెరికా ఖండంనుంచి పోర్చుగీసుల కాలంలో వచ్చిన పండు మన నోట ‘సీతాఫలం’ అయింది. కరీంనగర్ గుట్టల మీద విస్తారంగా పెరిగి, రామాయణంలోకి పేరుతో ప్రవేశించింది. పరాయి పండుకు పురాణగౌరవం దక్కగా పరికి, మొర్రి, తునికి వంటివాటి పేర్లకు అటువంటి గౌరవం దక్కలేదు. గౌరవం దక్కడానికి పుట్టుక అడ్డుకాదని, దక్కకపోవడానికి కూడా అది కారణం కాదని ఇది తెలుపుతుంది.

ఈ ప్రాంతపు పలుకుబడిలో పండ్లు కాలాన్ని కొలుస్తాయి. చలికాలం పరికి, రేగు, ఎండలు ముదిరితే తునికి, మొర్రి, తొలకరికి నేరేడు. మొర్రిపండు తిని ఉమ్మిన గింజలోనిదే మిఠాయిల మీద చల్లే సారపప్పు. పండు పిల్లలది, పప్పు అంగడిది. ఈ పండ్లతో వచ్చే క్రియ ‘కోయడం’ కన్న ఎక్కువగా ‘ఏరడం’. కోతకు యజమాని ఉంటాడు, ఏరడానికి ఉండడు. ‘పండ్లకు పోవడం’ అన్న ప్రయోగంలో చతుర్థీ విభక్తి ప్రయోజనాన్ని మాత్రమే కాక ఒక పూట జీవితాన్ని తెలుపుతుంది: జట్టుగా పోవడం, దోటితో కొమ్మ వంచడం, ఒడినింపుకొని రావడం.

‘కంచె’ అన్న మాటను ప్రత్యేకంగా చూడాలి. ప్రామాణిక భాషలో అది చేనుచుట్టూ వేసే అడ్డు. తెలంగాణలో ‘కంచ’ అంటే ఆ అడ్డు ఒక్కటే కాదు, పశువులు మేసే పొదలభూమి కూడా. ఆవరణకు, ఆవరణలోని మేతకు ఒకే మాట. పరికికంప, రేగుకంప చేనుకు కంచె అవుతాయి. పరికి, రేగు మొలిచే చోటు కంచ అవుతుంది. ఇంగ్లండు కంచె గురించి పైన చెప్పిన రెండు చూపులూ తెలంగాణ తెలుగులో ఒకే పదంలో ఉన్నాయి. ‘కంచే చేను మేసినట్టు’ అన్న సామెతను ఈ అర్థద్వయంతో చదివితే దాని వ్యంగ్యం మరింత పదునెక్కుతుంది.

ఇటువంటి మాటలు నిఘంటువులకెక్కే దారి సన్ననిది. విక్టోరియా కాలంలోనే వెలువడిన బ్రౌన్ నిఘంటువు (1852), కార్ సామెతల సంకలనం (1868) ప్రధానంగా మద్రాసు రాజధానిలోని తెలుగుకు అద్దం పట్టాయి. నిజాం రాజ్యపు ఉత్తరపు కొస వాటి చూపుకు దూరం. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు కావ్యప్రయోగమే ప్రధాన ప్రమాణం. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లో ఆరంభించిన మాండలిక వృత్తి పదకోశం ఈ లోటును తీర్చడానికి చేసిన మహాప్రయత్నం. అయితే పదాలను వృత్తుల వారీగా విభజించినపుడు ఏరడం ఏ విభాగంలోనూ సహజంగా ఇమడదు. అది ఎవరి వృత్తీ కాదు. పిల్లలు, ముసలివారు, పశులకాపరులు, పనిలేని దినాలలో కూలీలు చేసేది. వృత్తి కానిది పదకోశంలో, తోటది కానిది పాకాల పట్టికలో నిలవలేదు. రెండు చోట్లా తర్కం ఒకటే.

ఆకుకు ధర, పండుకు మౌనం

తునికి ఈ చర్చను మరొక మలుపు తిప్పుతుంది. ఎండాకాలంలో దాని పండు పసుపుపచ్చగా మాగి వగరుతీపిగా ఉంటుంది. కాని తునికి పేరు వినగానే నేడు తోచేది ఆకు, బీడీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల స్త్రీల చేతివేళ్ళకు బతుకుతెరువైన ఆకు అది. ఉమ్మడి రాష్ట్రంలో 1971 నాటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం ద్వారా ఆ ఆకు వ్యాపారం ప్రభుత్వ అధీనమైంది. కార్యాలయపు కాగితాలలో అది ‘అబ్నూస్’ ఆకు. అడవిలో తునికి, మండీలో బీడీ ఆకు, దస్త్రంలో అబ్నూస్. లేత ఆకుకోసం ముందుగా కొమ్మలు కొట్టిన పొదనుంచి ఆ ఏడు పండు ఆశించలేము. ఆకు సరుకైన చోట పండు తగ్గింది, పండుతోపాటు దాని చుట్టూ ఉన్న మాటా తగ్గింది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని నిర్వచిస్తూ వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, ఔషధ మొక్కలు, దుంపలు మొదలైనవాటిని పేర్కొన్నది. కలపేతరమైన వృక్షసంబంధ ఉత్పత్తులన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి కనుక పండ్లకు హక్కు ఉన్నది. అయినా పేరుపెట్టిన జాబితాలో పండు అన్న మాట లేదు. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నాలుగా జింక, పాలపిట్ట, జమ్మిచెట్టు, తంగేడుపువ్వు ప్రకటితమయ్యాయి. ఆ నాలుగింటిలోనూ పండు లేదు. తంగేడు, గునుగు కూడా ఎవరూ నాటని మొక్కలే. కాని బతుకమ్మ వాటిని ఎత్తి నిలిపింది. పాటతో, ఆచారంతో ముడిపడిన అడవిపువ్వు అస్తిత్వ చిహ్నమైంది. ఆకలితో ముడిపడిన అడవిపండు కాలేదు. పువ్వు చూపడానికి, పండు తినడానికి, చూపదగినదే చిహ్నమవుతుంది.

ఒక అభ్యంతరం

ఇదంతా గతవైభవ స్మరణ కాదా అన్న ప్రశ్న రావచ్చు. ఈ అభ్యంతరంలో బలమున్నది. అడవిపండు తీపి జ్ఞాపకం మాత్రమే కాదు, అది కరువు తిండి కూడా. గింజలు నిండుకున్న ఎండాకాలంలో ఇప్పపువ్వును ఎండబెట్టుకొని తిన్న కుటుంబాలకు అడవి విహారస్థలం కాదు. ఆదిలాబాద్ గోండుల మధ్య నివసించి పరిశోధించిన హైమన్‌డార్ఫ్ నమోదు చేసిన జీవితంలో అడవి చుట్టూ ఆంక్షలు, కొలతలు, అధికారులు ఉన్నారు. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం ప్రాణమర్పించిన పోరాటం వెనుక ఉన్నది పోడుభూమి, పశువుల మేత, అడవి మీద హక్కు. ‘ఊరికే దొరికింది’ అన్న మాట చెప్పే స్థితి ఎప్పుడూ ఊరికే రాలేదు.

కనుక ఈ పండ్లను సౌందర్యవస్తువులుగా మాత్రమే కావ్యంలోకి తేవడం పరిష్కారం కాదు. ఈ నేలనుంచి వచ్చిన పోరాట సాహిత్యాన్ని, ఉదాహరణకు అల్లం రాజయ్య, సాహు కలసి రచించిన ‘కొమురం భీం’ నవలను, భూమి, ఆయుధం, నాయకుడు అన్న మూడు కోణాలలో చదవడం అలవాటైంది. ఏరుకొని తినే దైనందిన జీవితమన్న నాలుగవ కోణంలో కూడా అటువంటి రచనలను చదవవలసి ఉన్నది. పోరాటం దేనిని కాపాడుకోవడానికి జరిగిందో ఆ కోణమే చూపగలదు.

ముగింపు

నేడు అంగళ్ళలో ఆపిల్‌రేగు కనిపిస్తున్నది. తోటలో నాటి, నీరు పెట్టి, పెట్టెల్లో నింపి అమ్మే పెద్దకాయ. దానికి పులుపు లేదు, వగరు లేదు, ఎంచడానికి కొరికి చూడనక్కరలేదు. రాజశేఖరుని పట్టికలో చెప్పాలంటే రేగు కూడా గ్రాహ్యమైన వరుసలోకి చేరిపోయింది. ఏరడం పోయి కొనడం వచ్చింది. కంచలు ప్లాట్లుగా, గనులుగా, జలాశయాలుగా మారుతున్న ఈ ప్రాంతంలో పరికి అన్న మాట తెలియని తరం బడికి వస్తున్నది. ఆ తరం బ్లాక్‌బెర్రీని నేరేడు అని కాక, బ్లాక్‌బెర్రీ అనే చదువుకుంటుంది.

ఈ పరిశీలన రెండు పనులను కోరుతున్నది. ఒకటి, ఏరడం చుట్టూ ఉన్న పదజాలాన్ని వృత్తి విభాగాలకు వెలుపల ప్రత్యేకంగా సేకరించడం. తెలుగుతోపాటు గోండి, కొలామీ మాటలను పక్కపక్కన ఉంచినపుడే అది సమగ్రమవుతుంది. చెప్పగలిగిన ముసలివారు ఉన్నంతలోనే ఆ పని జరగాలి. రెండు, బదరపాకమన్న మరచిన పరిభాషను మళ్ళీ చేతికి తీసుకోవడం. మొదట వగరుగా తోచి, ముల్లు గుచ్చి, గింజ అడ్డుపడి, అయినా వదలబుద్ధి కాని రచనలు ఈ నేలమీద చాలా ఉన్నాయి. వాటిని ద్రాక్షతో, కొబ్బరితో కొలిచి తక్కువ చేయడం కన్న, వాటి కొలతతోనే వాటిని కొలవడం న్యాయం. ఆ కొలతకు పేరు శాస్త్రంలోనే ఉన్నది. దాని అర్థాన్ని మాత్రం రేగుచెట్టు కింద నిలబడి మళ్ళీ నిర్ణయించుకోవాలి.